అటకెక్కిన పాత పత్రికలు మళ్లీ చేతికందాయి

తిరుపతిలో మా వీధి పఠన మందిరానికి కొత్త బల్లలు, కొత్త దీపాలు వచ్చాయి. వెలుతురు బాగుంది, కాదనను. కానీ పాత దినపత్రికల కట్టలన్నీ అటకెక్కాయి. రోజూ వచ్చే పెద్దలు మొదటి వారమే మండిపడ్డారు. "బల్లలు మార్చావు, సరే నాయనా. మా పాత పేపర్లను ఎక్కడ దాచావు?" అని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు నిలదీశారు. ఆ పని చేయించింది నేనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కట్టలు దించాక అసలు చిక్కు బయటపడింది. తిరుపతి వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. అంతకు ముందరి మన ఊరి వార్తలు చిత్తూరు జిల్లా పేజీల్లో ఉంటాయి. మేమేమో అన్నిటికీ కొత్త జిల్లా పేరుతో చీటీలు అంటించాం! అవన్నీ తీసేసి సంవత్సరం, నెల మాత్రమే రాశాను. పురికొస బిగుసుకుని అంచులు తెగిపోయి ఉన్నాయి. దాని బదులు వెడల్పాటి నూలు నాడా కట్టాను. ఎండ తగిలితే ఈ కాగితం పసుపెక్కి పెళుసవుతుంది, అందుకే కిటికీకి దూరంగా, పడుకోబెట్టి పేర్చాను. ఒక రిజిస్టరు కూడా తయారైంది.

మాస్టారు 1996 కట్ట అడిగారు. పదో తరగతి ఫలితాల పేజీ తీసి, తన విద్యార్థుల నంబర్ల మీద వేలు ఆనించి, ఒక్కొక్కటే చదువుతూ మధ్యాహ్నం దాకా కూర్చున్నారు.