రామోజీ ఫిల్మ్ సిటీకి బయలుదేరే ముందు జాగ్రత్తలు

ఫిల్మ్ సిటీ హైదరాబాదు నగరంలో కాక, విజయవాడ జాతీయ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఉన్నందున, ప్రయాణ సమయాన్ని ముందుగానే లెక్క వేసుకోవాలి. మియాపూర్ వైపు నుంచి వచ్చేవారు మెట్రోలో చివరి స్టేషనైన ఎల్బీ నగర్ వరకు వచ్చి, అక్కడి నుంచి బస్సు గాని క్యాబ్ గాని ఎక్కితే నగరంలోని ట్రాఫిక్ బెడద చాలావరకు తప్పుతుంది. విజయవాడ నుంచి వచ్చేవారికి చౌటుప్పల్ దాటాక ఇదే దారిలో తగులుతుంది కనుక, బస్సు అక్కడ ఆగుతుందో లేదో ఎక్కేటప్పుడే కండక్టరును అడగాలి. నగరంలోకి వెళ్లి మళ్లీ వెనక్కి రావడం వృథా శ్రమ.

లోపల సందర్శకులను బస్సుల్లో తిప్పినా నడక తప్పదు. కొత్త చెప్పులు వేసుకుని వచ్చి మధ్యాహ్నానికే కుంటుతూ కూర్చునేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు కాబట్టి, కాలికి అలవాటైన బూట్లే వేసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ తీవ్రంగా ఉంటుంది గనుక నూలు బట్టలు, టోపీ, ఓఆర్ఎస్ పొట్లాలు తప్పనిసరి. పెద్దవారి మందులను బ్యాగు అడుగున కాక చేతికందేలా ఉంచుకోవాలి. పిల్లల జేబులో ఫోను నంబరు రాసిన చీటీ పెట్టాలి. బయటి ఆహారాన్ని అనుమతిస్తారో లేదో టికెట్టు కొనేటప్పుడే తెలుసుకోవాలి. చీకటి పడ్డాక గేటు బయట క్యాబుల కోసం వెతుక్కోకుండా, తిరుగు ప్రయాణానికి వాహనాన్ని ఉదయమే మాట్లాడుకోవాలి.