కొత్త ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌పై అభిప్రాయం చెప్పే ముందు

ఫోన్ స్పీకర్‌లో విని తీర్పు చెప్పొద్దు. డబ్‌స్టెప్ అనే ఎలక్ట్రానిక్ శైలి ప్రాణమంతా 40–60 హెర్ట్జ్ బేస్‌లో, అంటే బాగా లోతైన శబ్దంలో ఉంటుంది. ఆ చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు, పాట డొల్లగా వినిపిస్తుంది. వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దాల పాళ్లు మార్చే ఈక్వలైజర్ ఆపేయండి. ఒక పాట చివరను తర్వాతి పాట మొదలుతో కలిపేసే క్రాస్‌ఫేడ్ కూడా సున్నా చేయండి, లేదంటే ట్రాకుల మధ్య కావాలని ఉంచిన నిశ్శబ్దం పోతుంది.

అసలు మోసం వాల్యూమ్‌లో ఉంది. కాస్త గట్టిగా మోగేదే చెవికి మేలుగా తోస్తుంది. అందుకే పాత ఆల్బమ్‌తో పోల్చేటప్పుడు పాటలన్నిటినీ ఒకే గట్టిదనానికి తెచ్చే వాల్యూమ్ నార్మలైజేషన్ ఆన్‌లో ఉండాలి. స్పాటిఫైలో మామూలుగా అది -14 లఫ్స్‌కి (లఫ్స్ అంటే వినిపించే గట్టిదనానికి కొలత) సర్దుతుంది. అప్పటికీ ధమ్మని మోగాల్సిన కిక్ డ్రమ్ చప్పగా ఉంటే, మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు చేసే చివరి సర్దుబాటులో, అతిగా కంప్రెస్ చేశారేమో (గట్టి, మెల్లని శబ్దాల మధ్య తేడా తగ్గించేశారేమో) అనుమానించాల్సిందే.

మొదటిసారి ఏమీ రాసుకోకుండా వరుసగా వినండి. రెండోసారి నిమిషం, సెకనుతో సహా రాసుకోండి. "3:20 దగ్గర హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) చెవిలో గుచ్చుకుంటోంది" అంటే చదివేవాళ్లు విని సరిచూసుకోగలరు. "మిక్స్ (శబ్దాలన్నీ కలిపిన తీరు) బాగాలేదు" అంటే ఏం చూసుకుంటారు? మెల్లగా, వాతావరణంలా పరుచుకునే యాంబియెంట్ శైలి అయితే మర్నాడు మళ్లీ వినండి.