వైనరీకి పోతే గ్లాసు కన్నా ముందు తోట చూడండి

నేను అనంతపురంలో సొంత కారు తిప్పుకుంటాను. లేపాక్షి, పుట్టపర్తి, బెంగళూరు ఎయిర్‌పోర్టు, ఇవే నాకు ఎక్కువగా వచ్చే కిరాయిలు. ఈ మధ్య వాటికి నంది కొండల కింద ఉన్న వైన్ తోటలు తోడయ్యాయి. నేను తాగను. స్టీరింగు పట్టినోడు తాగకూడదు సరే, అసలు నాకు ఆ పులుపు పడదు. అయినా ఈ కిరాయి వస్తే కాదనను. మాకూ ఒకప్పుడు ద్రాక్ష పందిరి ఉండేది. బోర్లలో నీళ్లు అడుగంటాక నాయన దాన్ని పీకించి సెనిక్కాయ వేశాడు. తీగ కనిపిస్తే ఇప్పటికీ నా కాళ్లు అటే పోతాయి.

మనవాళ్లు చాలామంది అక్కడికి పోయి ఏం చేస్తారంటే, నేరుగా టేస్టింగ్ రూముకు పోయి, నాలుగు గుక్కలు తాగి, పీపాల పక్కన ఫోటో దిగి వచ్చేస్తారు. దానికి అంత దూరం పోవాల్సిన పని లేదు. తోట, దాన్ని పెట్టినవాళ్ల కథ, అందులో పనిచేసేవాళ్ల మాట, ఈ మూడూ దొరికేలా పోయి రావడం ఎట్లాగో చెప్తాను.

దారి, నెల, ఫోను

అనంతపురం నుంచి 44వ నంబరు హైవే మీద పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు, బాగేపల్లి దాటి చిక్కబళ్లాపురం చేరితే నంది కొండలు కనిపిస్తాయి. హిందూపురం వాళ్లు గౌరిబిదనూరు మీదుగా దొడ్డబళ్లాపురం పోవడం మేలు, లారీల పోరు తక్కువ. కడప నుంచైతే రాయచోటి, మదనపల్లె, చింతామణి దారి. పెద్దవాళ్లు ఎవరైనా కారులో ఉంటే వాళ్లకు ఒక మాట చెప్పండి, మన పెన్న పుట్టింది ఆ కొండల్లోనే అని. ముసలామె ఒకామె అది విని కారు ఆపించి, కొండ వైపు తిరిగి దండం పెట్టుకునింది.

వానాకాలంలో పోతే ఉత్త ఆకులే చూస్తారు. జనవరి ఆఖరు నుంచి మార్చి దాకా కోతలు ఉంటాయి, అప్పుడు పొండి. చలిదేశాల్లో తీగ చలికాలమంతా నిద్రపోతుంది, ఏడాదికి ఒక్క ప్రూనింగ్ సరిపోతుంది. మన ఎండలకు తీగకు నిద్ర లేదు. అందుకే ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరు అటూ ఇటూ ఇంకోసారి కత్తిరిస్తారు, వైన్ పంట మాత్రం ఒక్కటే తీస్తారు. అక్టోబరు కత్తిరింపు చూడటం కూడా బాగుంటుంది. ఏ కన్ను (చిగురు వచ్చే మొగ్గ) ఉంచాలి, ఏ కన్ను కోయాలి అన్నది అలవాటైన చెయ్యి ఎంత వేగంగా తేలుస్తుందో చూడాల్సిందే. ఆదివారం మాత్రం వద్దు. బెంగళూరంతా నంది కొండ ఎక్కడానికి తెల్లవారుజామునే బయల్దేరి ఉంటుంది.

ముందు ఫోన్ చేయకుండా పోవద్దు. టూర్లకు టైములుంటాయి, చిన్న ఎస్టేట్లు ముందే మాట్లాడుకున్నవాళ్లనే రానిస్తాయి. ఫోన్లో రెండు మాటలు అడగండి. తోటలో నడవనిస్తారా, లేక ఫ్యాక్టరీ మాత్రమే చూపిస్తారా? ఇంటివాళ్లు ఎవరైనా ఆ రోజు ఉంటారా? రెండో ప్రశ్నకు అవతల గొంతు మారుతుంది. ఇంటివాళ్లను కలవాలని అడిగేవాళ్లు తక్కువ కాబట్టి, ఎవరో ఒకరు వచ్చి పలకరించే అవకాశం పెరుగుతుంది.

కుటుంబం అంటే ఏ కుటుంబం?

బోర్డు మీద కుటుంబం పేరున్నా యాజమాన్యం వాళ్లదే అనుకోవద్దు. నాసిక్ దగ్గర సూలా అనే వైన్ కంపెనీ ఉంది కదా, దాన్ని రాజీవ్ సామంత్ అనే ఆయన వాళ్లమ్మ సులభ పేరు మీద పెట్టాడు. మొదలైంది సొంత ఇంటి భూమిలో, ఇప్పుడది షేర్ మార్కెట్లో ఉన్న కంపెనీ. అక్కడే యార్క్ అని ఇంకొకటి. గుర్నానీ వాళ్ల ముగ్గురు పిల్లలు యోగిత, రవి, కైలాష్ పేర్లలోని ఇంగ్లీషు అక్షరాలతో ఆ పేరు కట్టారు. 2021లో దాన్ని సూలా కొనేసింది.

మనకు దగ్గరున్న గ్రోవర్ వైనరీ కథ కూడా అంతే. కన్వల్ గ్రోవర్ అనే ఆయన ఫ్రాన్సు నుంచి యంత్రాలు తెప్పించి అమ్మే వ్యాపారి. అక్కడికి పోతూ వస్తూ వైన్ మీద మోజు పడ్డాడు. షాంపేన్ ప్రాంతం నుంచి జార్జ్ వెసెల్ అనే నిపుణుణ్ని పిలిపించి, ఫ్రెంచి రకాలు మన దేశంలో ఎక్కడ బతుకుతాయో ఏళ్ల తరబడి పరీక్షలు చేయించి, చివరికి 1988లో నంది కొండల కింద దొడ్డబళ్లాపురం దగ్గర తోట పెట్టాడు. తర్వాత మిషెల్ రోలాన్ అనే ఇంకో పేరున్న ఫ్రెంచాయన సలహాదారుగా వచ్చాడు, కొడుకు కపిల్ పగ్గాలు పట్టాడు. 2012లో నాసిక్ కంపెనీ ఒకదానితో కలిసి గ్రోవర్ జంపా అయింది.

అంటే మీరు పోయేది కుటుంబం మొదలుపెట్టిన చోటికి. ఇప్పుడెవరి చేతిలో ఉందో అక్కడే అడగండి, మొహమాటం అక్కర్లేదు. నాకైతే అమ్మకం కథలే ఎక్కువ నచ్చుతాయి. ఎందుకు కలిపారు, ఎవరికి ఇష్టం లేకపోయింది, పాత మేనేజరు ఇంకా ఉన్నాడా అని అడిగితే బ్రోచర్లో లేనిది బయటికి వస్తుంది.

కర్నూలు వాళ్లకు వేరే దారి ఉంది. ఆదోని, సిరుగుప్ప మీదుగా హంపి వైపు పోతే కొప్పళ జిల్లాలో కేఆర్‌ఎస్‌ఎంఏ ఎస్టేట్స్ ఉంది. హైదరాబాదులో మందుల కంపెనీ గ్రాన్యూల్స్ నడిపే చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు. ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరుగెత్తిన జంట. తెలుగువాళ్ల తోట కదా అని గేటు తోసుకుని పోవద్దు, అక్కడికైనా ముందు ఫోనే.

తోటలో ఏం చూడాలి, ఎవరినడగాలి

మొదట పందిరి కోసం వెతుక్కోవద్దు. మన దగ్గర తినే ద్రాక్షను తల మీద పందిరికి పాకిస్తాం. అక్కడ కంచె లాగా తీగలు నిలువుగా, వరసలు వరసలుగా ఉంటాయి. ఎండ ఆకుల మీద రెండు పక్కలా పడాలి, గుత్తికి గాలి తగలాలి, బూజు తెగులు, బూడిద తెగులు తగ్గాలి, అందుకు ఆ ఏర్పాటు.

గుత్తులు చూసి మన రైతులు జాలిపడతారు. గోళీ కన్నా చిన్న కాయలు, లోపల గింజలు. మేం థాంప్సన్ అనే తినే ద్రాక్ష గుత్తుల్ని జిబ్బరెల్లిక్ ఆసిడ్‌లో ముంచి కాయ లావు చేయించేవాళ్లం. వీళ్లకు లావు కాయ దండగ. ఎర్ర వైన్‌కు రంగు, వగరు తోలు నుంచే వస్తాయి. కాయ చిన్నదైతే రసం తక్కువ, దానికి తగ్గ తోలు ఎక్కువ. ఎకరానికి పది టన్నులు రాకపోతే నాయన రెండు రోజులు మాట్లాడేవాడు కాదు. ఇక్కడ మంచి వైన్ కోసం కొన్ని పచ్చి గుత్తులను కావాలనే కోసి కింద పడేస్తారు. మిగిలిన వాటికి తీపి, సారం బాగా పడతాయని. నాయన్ను ఒకసారి తీసుకుపోతే ఆ కింద పడినవి చూసి, 'వీళ్లకు డబ్బులు శానా ఉన్నట్టుండాయి' అన్నాడు.

తీగ మొదట్లో కింద ఉబ్బెత్తు ముడి ఉంటుంది, అది అంటు. వేరు ఒక జాతిది, పైన తీగ ఇంకో జాతిది. ఉప్పునీటికి, నీటి ఎద్దడికి తట్టుకుంటుందని మన దేశంలో డాగ్‌రిడ్జ్ వేరు ఎక్కువ వాడతారు. మన ద్రాక్ష రైతులకూ ఇది తెలిసిన పేరే. దాన్ని చూపించి 'ఏ వేరు మీద కట్టారు?' అని అడిగితే చాలు, గైడు వల్లించే పాఠం ఆగిపోయి అసలు మాటలు మొదలవుతాయి.

అసలు మాటలు ఇంకా కావాలంటే తోట కూలీల దగ్గరికి పోవాలి. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు చుట్టుపక్కల ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడంత మంది. గైడు ఇంగ్లీషులో ఓక్ పీపాల గురించి చెప్తుంటే, మీరు రెండడుగులు వెనకబడి 'అమ్మా, ఏ ఊరు మీది?' అని తెలుగులో అడిగి చూడండి. ఏ వరస ఏ ఏడు ఎండిపోయింది, వడగళ్లు ఎప్పుడు పడ్డాయి, పాత సారు తోటలోకి వస్తే ఏం చూసేవాడు, పిట్టల్ని ఎట్లా తోలుతారు, ఇవన్నీ వాళ్లకే తెలుసు. పని చెడకుండా చూసుకోండి, కోత జరుగుతుంటే అస్సలు అడ్డం పోవద్దు. పొద్దున చల్లగా ఉండగానే కోయాలి, పండు వేడెక్కితే పనికి రాదని వాళ్ల తొందర.

మందుల మాట వస్తే బోర్డో మిశ్రమం ఎత్తండి. మైలుతుత్తం, సున్నం కలిపి మనమూ కొడతాం. ఫ్రాన్సులో బోర్డో వైపు దారి పక్క తీగల పండ్లను జనం కోసుకు తినకుండా పైన ఈ మందు పూసేవారట. ఆ తీగలకు మాత్రం బూజు రాలేదని మియార్దే అనే ప్రొఫెసరు గమనించి 1885లో లోకానికి చెప్పాడు. తోట మేనేజర్లకు ఈ కథంటే మహా ఇష్టం.

అడగాల్సింది ఇంకొకటి, 'పండ్లన్నీ మీ తోటవేనా?' చాలామంది రైతుల దగ్గర ఒప్పందం మీద కొంటారు. అట్లా కొంటామంటే ఆ రైతులకు పండు ఏ బ్రిక్స్ (రసంలో తీపి కొలత) దగ్గర కోయమంటారో అడగండి. తినే ద్రాక్ష 18 ఉంటే మనకు సంతోషం, వైన్‌కు 22 నుంచి 24 చూస్తారు. 24 ఉన్న రసం పూర్తిగా పులిస్తే దాదాపు 13 శాతం ఆల్కహాల్ అవుతుంది.

లోపల

ఫ్యాక్టరీ గురించి గైడే బాగా చెప్తాడు, నేను పొడిగించను. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. పులిసే తొట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, వాసన చూద్దామని తల లోపలికి వంచవద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

రుచి చూసే ముందు కడుపులో ఏదో ఒకటి ఉండాలి. ఉగ్గాని తినండి, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఆ పూటకు మానుకోండి, నాలుక మండుతుంటే వైన్‌కూ వెనిగర్‌కూ తేడా తెలియదు. తలలో మల్లెపూలు, మెడకు సెంటు, నోట్లో వక్కాకు కూడా వద్దు. గ్లాసు మొదట ముక్కుకే పని చెప్తుంది. నచ్చకపోతే పక్కనున్న గిన్నెలో ఉమ్మేయొచ్చు, అక్కడ అది మర్యాదే. 21 ఏళ్లు నిండనివాళ్లకు పోయమని అడగొద్దు. తాగనివాళ్లు వెలితి పడాల్సిన పని లేదు. నేను గ్లాసు ముట్టకుండానే వాసన మాత్రం చూస్తాను, ఎవరూ ఏమీ అనరు.

వాపసు

బండి తోలేవాడు ఒక్క గుక్క కూడా తాగకూడదు. చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అంటుంది గానీ, ఎవరి ఒంట్లో ఎంతకు ఎంతవుతుందో లెక్క కట్టుకుంటూ హైవే ఎక్కొద్దు. సీసాలు కొనేముందు కొడికొండ చెక్‌పోస్టు గుర్తుకు తెచ్చుకోండి. ఎక్సైజ్ నియమాలు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో తీరు, అవి మారుతూ ఉంటాయి కూడా. ఆ రోజుకు ఏది చెల్లుతుందో తెలుసుకోకుండా పక్క రాష్ట్రం సీసా డిక్కీలో పెట్టుకోవద్దు. నా బండిలో అయితే పెట్టనివ్వను.

లేపాక్షి కూడా చూడాలంటే కొడికొండ దగ్గరే మలుపు. వైన్ రుచి చూసి వీరభద్రస్వామి గుడికి పోవచ్చా అని కారులో వాదన మొదలైతే హిందూపురం దాకా తెగదు. అందుకే నేను పొద్దున ఆరింటికే అనంతపురంలో బయల్దేరదీసి, లేపాక్షి దర్శనం ముందు చేయించేసి, ఆ తర్వాతే నంది కొండల వైపు బండి తిప్పుతాను.