మాగిన రంగుల పెరడు – 4వ పాఠం: పువ్వుకంటే ముందు ఆకు

పోయిన పాఠంలో పెరట్లో ఎండ ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో గీసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఇంట్లో పాత కలంకారీ చీరో దుప్పటో ఉంటే అదీ బయటికి తీయండి. మన పెరటికి కావలసినవి దాని మీద ఉండేలాంటి మెత్తని, మాగిన రంగులే.

శ్రీకాళహస్తి పనివాళ్లు బొమ్మ మొదలుపెట్టకముందే గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు. అందుకే అది మల్లెపువ్వులా తెల్లగా ఉండదు, గంధం రంగుకు తిరుగుతుంది. దాని మీద ఎరుపు వేసినా నలుపు వేసినా కళ్లకు గుచ్చుకోదు. మన పెరట్లో ఆ గుడ్డ చేసే పని ఆకు చేస్తుంది.

కాబట్టి ముందు ఆకులు. మాచిపత్రి బూడిద పూసినట్టుంటుంది, పక్కనున్న ఏ రంగునైనా ఒక మెట్టు దించుతుంది. దవనం కూడా అంతే, పైగా వాసన. కాకపోతే అది చలికాలపు మొక్క, ఎండలు ముదిరితే నిలవదు. రాగి రంగు అకాలిఫా ఒక్కటి చాలు. దాన్ని మంచి ఎండలో పెట్టాలి, నీడలో ఆ రాగి పోయి పచ్చబడుతుంది. క్రోటన్లంటే నాకూ ఇష్టమే గానీ ఒక్క ఆకులో నాలుగు రంగులుంటే పక్కన పువ్వును ఎవరు చూస్తారు?

ఇక పూలు. మెత్తని వెచ్చదనానికి కనకాంబరాన్ని మించింది నాకు కనబడలేదు. జడలో ఎలా ఒదుగుతుందో పాదులోనూ అలాగే ఒదుగుతుంది. మధ్యాహ్నం కాస్త నీడ పడే చోట పెట్టండి. ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు, కొమ్మ నాటుకోవాల్సిందే. వేళ్లకు నులిపురుగు పట్టే మొక్క కనుక పాత కుండీ మట్టిలో మళ్లీ నాటకండి. దాని వెనక లేత నారింజ నూరు వరహాలు బాగుంటాయి. నేలలో సున్నం ఎక్కువైతే మాత్రం వాటి ఆకులు పసుపుబారతాయి.

మధ్యలో తెలుపు పెడదామనిపిస్తుంది. నందివర్ధనం పక్కన కనకాంబరం మాసిన గుడ్డలా కనిపిస్తుంది, చూసుకోండి. మీగడ రంగు చామంతి మేలు. పగటిపొద్దు తగ్గాకే మొగ్గ తొడుగుతుంది కాబట్టి రాత్రిళ్లు వీధిలైటు పడే చోట పెట్టొద్దు.

నేను దెబ్బతిన్నది కాగితం పూలతో. నారింజ రంగని మురిసిపోయి తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు ఆ రేకులే గులాబీకి తిరిగాయి. నారింజ రకాలు చాలావాటికి ముదిరేకొద్దీ అదే గుణం, ఆ గులాబీలో నీలం ఛాయ ఉంటుంది, అది మన పెరటికి పడదు. కొనేటప్పుడు కొత్త రేకులు కాదు, కొమ్మ అడుగున ముదిరినవి చూడండి.

ఈ వారం పని: కడియం వెళ్లినా, మీ ఊరి నర్సరీకి వెళ్లినా కలంకారీ గుడ్డ వెంట తీసుకెళ్లండి. ఆకుపచ్చ షేడ్‌నెట్ కింద పువ్వు రంగు నమ్మొద్దు, కుండీని ఎండలోకి జరిపి గుడ్డ మీద ఆనించి చూడండి. గుడ్డకంటే ముందు పువ్వే కంట్లో పడితే దాన్ని అక్కడే వదిలేయండి. నర్సరీ అతను నవ్వుతాడు, నవ్వనివ్వండి. ఒక ఆకు మొక్క, రెండు పూల మొక్కలు చాలు. వచ్చే పాఠంలో వాటిని ఎర్రమట్టి కుండీల్లోకి మారుద్దాం.