రైఫిల్ బ్రాస్ షెల్ హోల్డర్‌లోకి ఎక్కడం లేదా? ఆకురాయి కాసేపు పక్కన పెట్టండి

కాల్చేసిన తూటా ఇత్తడి కేసును (దీన్నే బ్రాస్ అంటాం) ఇంట్లో మళ్లీ నింపుకునేవాళ్ల కోసం ఇది. ప్రెస్ మీద కేసు అడుగును పట్టుకునే చిన్న ముక్కే షెల్ హోల్డర్. కేసు శుభ్రంగా ఉంది, మెడ బాగుంది, ఎక్కడా చీలిక లేదు. హోల్డర్‌లోకి తోస్తే మాత్రం సగంలో ఆగిపోతుంది. లేదంటే బొటనవేలితో గట్టిగా నొక్కితే ఎక్కి, మళ్లీ బయటికి రానని మొరాయిస్తుంది. టెక్సస్‌లో మా గరాజ్‌కి ఈ సమస్యతో వచ్చేవాళ్లు దాదాపు అందరూ అప్పటికే ఓ యాభై కేసులు అరగదీసి వస్తారు.

అందుకే ముందు చేయాల్సింది ఒక్కటే. ఇదే సైజు కొత్త కేసు ఒకటి తీసుకుని అదే హోల్డర్‌లో పెట్టి చూడండి. కొత్తది దొరక్కపోతే ఇంతకుముందు అందులో సాఫీగా ఎక్కినదైనా సరే. పది సెకన్ల పని. అదీ ఎక్కకపోతే తప్పు బ్రాస్‌ది కాదు, హోల్డర్‌ది.

హోల్డర్ తప్పుల్లో మొదటిది నంబరు. కంపెనీల నంబర్లు ఒకదానితో ఒకటి కలవవు. 308 విన్చెస్టర్ అనే తూటా సైజుకి హార్నడీలో 1, లీలో 2, ఆర్‌సీబీఎస్‌లో 3. ఒక తమ్ముడు "308 అంటే మూడో నంబరు" అని ఎక్కడో చదివి, వేరే కంపెనీ మూడో నంబరు కొని, రెండు రాత్రులు బ్రాస్‌ని తిట్టుకున్నాడు. నంబరు సరైనదే అయితే గాడిలోకి టార్చి వేసి చూడండి. పాత ప్రైమర్లు (కేసు అడుగున ఉండి పౌడర్‌ని అంటించే చిన్న మూతలు) ఊడగొట్టినప్పుడు రాలే మసి, కేసును సైజుకి నొక్కేటప్పుడు పూసే సైజింగ్ లూబ్, కేసులు శుభ్రం చేసే టంబ్లర్‌లోని మొక్కజొన్న పొట్టు కలిసి అక్కడ గట్టి పేస్టులా పేరుకుంటాయి. పాత టూత్‌బ్రష్, కాస్త స్పిరిట్ చాలు. హోల్డర్ ర్యామ్‌లో (ప్రెస్‌లో పైకీ కిందికీ కదిలే కడ్డీ) చివరిదాకా కూర్చుందో లేదో కూడా వేలితో కదిపి చూడండి.

కొత్త కేసు ఎక్కుతోంది, పాతవాటిలో కొన్నే ఎక్కడం లేదు అంటే, అప్పుడు బ్రాస్ సంగతి. మొండికేసిన కేసును పావు చుట్టు తిప్పి మళ్లీ తోయండి. ఇంకో పావు. ఏదో ఒక దిశలో సాఫీగా ఎక్కిందంటే రిమ్ (కేసు అడుగు అంచు) మీద ఒకచోట లోహం లేచి ఉన్నట్టే. దీన్నే బర్ అంటాం. రేంజ్‌లో ఏరుకొచ్చిన బ్రాస్‌లో, ముఖ్యంగా సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల బ్రాస్‌లో ఇది మామూలే. కేసు ఇంకా చాంబర్ (రైఫిల్‌లో తూటా కూర్చునే గది) గోడను పట్టుకుని ఉండగానే, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం లాగేస్తుంది. రిమ్ ఆ మేరకు వెనక్కి వంగుతుంది, కొక్కెం అంచు దగ్గర ముల్లు లేస్తుంది. హెడ్‌స్టాంప్ (కేసు అడుగున అచ్చుకొట్టిన అక్షరాలు) వైపు నుంచి చూస్తే కొన్నిసార్లు ఏమీ కనపడదు. రిమ్‌కి ముందు వైపు, అంటే కేసుకి రిమ్ పక్కనే ఉండే గాడి లోపలి అంచు వెంట గోరు పోనివ్వండి, తగులుతుంది.

ఆ ముల్లుకి మందు చదునైన సన్నని ఆకురాయి. ముల్లు ఉన్నచోట ఒకటి రెండు సార్లు, అంతే. రిమ్ చుట్టూ అరగదీయొద్దు, గాడి అడుగు జోలికి పోవద్దు. ప్రైమర్ ఎక్కించి ఉన్న కేసు మీద ఆకురాయి పెట్టనే పెట్టొద్దు.

ఇక నా చెయ్యి కాల్చిన సంగతి.

ఒకసారి నా సొంత బోల్ట్ యాక్షన్ 308 బ్రాస్ ఎక్కలేదు. రేంజ్‌లో ఏరుకొచ్చింది కాదు, నా రైఫిల్‌లో నేనే కాల్చింది. హెడ్‌స్టాంప్ అక్షరాల మీద నెలవంకలా మెరిసే చిన్న ఉబ్బు ఉంది. బర్ అనుకుని ఇరవై కేసులకు ఆ ఉబ్బు తీసేశాను. అన్నీ చక్కగా ఎక్కాయి. ప్రైమర్లు పెడుతుంటే మూడోది వేలితో నెట్టినంత తేలిగ్గా దిగిపోయింది. అప్పుడు వెన్నులో చలి పుట్టింది.

అది బర్ కాదు. ఒత్తిడి ఎక్కువైతే కేసు అడుగు ఇత్తడి, బోల్ట్ ముఖం మీద ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి విసిరే పిన్ను) రంధ్రంలోకి పాకుతుంది. బోల్ట్ తిప్పగానే అది గీసుకుని ఆ నెలవంక ఏర్పడుతుంది. ఆ మందం వల్లే హోల్డర్‌లో పట్టేస్తుంది. అంతకంటే ముదిరితే కేసు అడుగే సాగి, ప్రైమర్ గుంత వదులవుతుంది, రిమ్ కూడా పెరుగుతుంది. చలికాలంలో సరిచూసుకున్న లోడ్‌ని (పౌడర్ కొలతను) నేను ఆగస్టు ఎండలో, ట్రక్కులో వేడెక్కిన తూటాలతో కాల్చాను. కొన్ని పౌడర్లు వేడికి అలా పెచ్చు మీరతాయి. కేసు చెప్పాల్సింది చెప్పింది. నేనే ఆకురాయితో ఆ గుర్తు చెరిపేసుకున్నాను.

కాబట్టి ఆకురాయి ముట్టుకునే ముందు ఈ కేసు ఎవరి రైఫిల్‌ది, ఏ లోడ్‌ది అని మిమ్మల్ని మీరే అడగండి. ముల్లు రిమ్ అంచున ఒక్కచోటే ఉండి, హెడ్‌స్టాంప్ మామూలుగా ఉంటే అది కొక్కెం పని. హెడ్‌స్టాంప్ మీద మెరిసే మచ్చ, చదునైపోయిన ప్రైమర్, ఎత్తడానికి బరువుగా అనిపించిన బోల్ట్, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఆగిపోండి. ఎన్ని వైపులు తిప్పినా కేసు ఎక్కకపోతే కాలిపర్ పెట్టండి. 308 రిమ్ 0.473 అంగుళాలు దాటకూడదు, 223 సైజుది 0.378. దాటిందంటే చెత్తబుట్టలోకి. కొలత సరిపోయినా ప్రైమర్ గుంత వదులైందేమో గో-నోగో గేజితో (రెండు కొసలూ వేర్వేరు మందం ఉన్న కొలత పిన్ను) చూడండి. నోగో వైపు దిగితే ఆ కేసుకు ఆయుష్షు తీరినట్టే. పౌడర్ కొలతను లోడింగ్ పుస్తకంలోని ప్రారంభ స్థాయికి దించి మళ్లీ మొదలుపెట్టండి. నా ఇరవై కేసుల్ని ప్లయర్‌తో నలిపి తుక్కు డబ్బాలో వేశాను. ఇత్తడి ఖరీదు బాధించింది, నిజమే.

మిగతావి అరుదు. 6.5×55 స్వీడిష్ రిమ్ సుమారు 0.480 ఉంటుంది కాబట్టి 308 హోల్డర్‌లో కొన్ని ఎక్కుతాయి, కొన్ని బిగుసుకుంటాయి. దానికి చెప్పిన హోల్డర్ కొనుక్కోండి. కొలతలు అన్నీ సరిగ్గా ఉన్నా ఒక్క హోల్డరే బిగువైతే హోల్డర్‌ని అరగదీయకండి, మార్చండి. అరగదీసి గాడి వదులైన హోల్డర్‌తో, డైలో (కేసును సైజుకి నొక్కే అచ్చు) ఇరుక్కున్న కేసును లాగితే రిమ్ చిరిగిపోతుంది, ఆ తర్వాత పడే తిప్పలు వేరే కథ.

ప్రైమర్ పెట్టాక కేసు బయటికి రాకపోతే మాత్రం బలం చూపించకండి. ప్రైమర్ పూర్తిగా దిగక తల పైకి ఉండి తగులుతోందన్నమాట. కళ్లద్దాలు పెట్టుకుని, నెమ్మదిగా లీవర్ నొక్కి దాన్ని లోపలికి దించండి. సుత్తి తీసినవాణ్ణి నేను మా గరాజ్‌లోకి రానివ్వను.

అన్నట్టు, ఇదంతా ఇక్కడ అమెరికాలో ఇంట్లో చేసుకునే హాబీ. ఇండియాలో లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఊళ్లో ఉన్న బావమరిదికి ఇది పంపి ఆయనకి టెన్షన్ తెచ్చిపెట్టకండి.