అమ్మను కంటి ఆపరేషన్‌కి చెన్నై తీసుకొస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఊళ్ల నుంచి ఉచిత శుక్లాల ఆపరేషన్‌కి వచ్చే ఆడవాళ్లను మాధవరం బస్టాండు నుంచి ఆసుపత్రికి తీసుకెళ్తుంటాను. బయల్దేరకముందే ఇవి చూసుకోండి.

ముందురోజే తలస్నానం. తర్వాత కొన్నాళ్లు తలమీద నీళ్లు పోసుకోనివ్వరు. కాటుక రెండు మూడు రోజుల ముందే మానేయాలి.

బీపీ, షుగర్ బిళ్లలు అట్టతో సహా తీసుకురండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి, సొంతంగా ఆపొద్దు. తిని రావాలా, పరగడుపున రావాలా అన్నది ముందే అడగండి. ఆధార్ కార్డు మర్చిపోకండి.

కంట్లో పుసి, ఎరుపు, విడవని దగ్గు ఉంటే దాచొద్దు. ఒక పెద్దమ్మ పైటచెంగుతో పుసి తుడుచుకుంటూ "వెనక్కి పంపేస్తారమ్మా, చెప్పకు" అని నా చెయ్యి పట్టుకుంది. చెప్పాను. ఇన్ఫెక్షన్ ఉండగా ఆపరేషన్ చేస్తే అది కంటి లోపలికి చేరి ఉన్న చూపూ పోవచ్చు. చుక్కలు వేసి, తగ్గాక రమ్మన్నారు.

అసలు చిక్కు ఇంట్లోనే. "నేనొస్తే పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అంటూ ఏళ్లకేళ్లు వాయిదా వేసిన తల్లులను ఎందరినో చూశాను. వంటకి, నీళ్లకి, గొడ్లకి మనిషిని ముందే కుదర్చండి. ఆపరేషన్ తర్వాత కట్టెల పొగ, పేడపని, నిండుబిందె కొన్ని వారాలు వద్దు. చుక్కల మందు కూడా వారాల తరబడి వేయాలి. ఎవరు వేస్తారో ఇప్పుడే అనుకోండి, వేసే ముందు సబ్బుతో చేతులు కడగమనండి. చనుబాలు, ఆముదం, పసర్లు కంట్లో అసలు వేయొద్దు. ఆపరేషన్ తర్వాత నొప్పి పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేయండి.