రైలు తప్పితే పుట్టిన ఆటవెలది

పద్యం రాయడం నేర్చుకోవాలనుందా? ఛందస్సు పుస్తకం కాసేపు పక్కన పెట్టి "విశ్వదాభిరామ వినుర వేమ" అనండి. మనసులో కాదు, పైకి. ఇప్పుడు అదే పాదం ఆగి ఆగి: విశ్వ, దాభి, రామ, వినుర, వేమ. ఐదు ముక్కలు. మాట ఎక్కడ తెగుతుందో అక్కడ తెగలేదు చూశారా! "విశ్వదాభిరామ" అడ్డంగా మూడైంది. గణాలంటే ఇవే. చిన్నప్పటినుంచీ నోట్లో నానుతున్న పాదంలో ఇంత లెక్క ఉందని నాకు నలభై దాటాక గాని తెలియలేదు.

నేను తెనాలి నుంచి బెజవాడకు రోజూ రైల్లో వెళ్లొస్తాను, ఒక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. మా పెట్టెలో రిటైరైన తెలుగు మాస్టారొకరు ఎక్కేవారు. నాకు నేర్పింది ఆయనే. దుగ్గిరాల వచ్చేలోపు ఒక పాఠం, కృష్ణా కెనాల్ దగ్గర రైలు ఆగిపోతే ఇంకో పాఠం. కింద చెప్పేదంతా ఆయన పద్ధతే, నా గొణుగుడు కాస్త కలిసింది.

ముందు గురువు, లఘువు. చిటికె వేసినంతసేపట్లో పలికేది లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. దీర్ఘాలు, ఐ, ఔ, సున్న ఉన్నవి, పక్కన పొల్లు ఉన్నవి గురువులు. ఒత్తక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువే. అందరూ బోల్తా పడేది ఇక్కడే. నేను వారం రోజులు "అమ్మ"లో "మ్మ"ను గురువని రాశాను. ఒత్తు బరువు కదా అని! ఆ బరువు మోసేది ముందున్న "అ". అనుమానమొస్తే పలికి చూడండి, నాలుక ఎక్కడ ఊనుతుందో తెలుస్తుంది. ఇంకో మెలిక: "వీరప్రతాపం" ఒకే సమాసం కాబట్టి "ర" గురువు. "మన ప్రభువు" రెండు విడి మాటలు, అక్కడ "న" లఘువుగానే ఉంటుంది.

ఇక ఆటవెలది, పైన చెప్పిన వేమన పాదం కొలత ఇదే. మొదట దీన్నే పట్టుకోమంటాను, ఎందుకంటే మన ఇంటి మాటలు దీంట్లో వాటంతటవే కూర్చుంటాయి. ఇందులో వచ్చే గణాలు రెండు రకాలు, సూర్యగణాలు, ఇంద్రగణాలు. సూర్యగణాలు రెండే. గురువు, లఘువు కలిస్తే గలం: పాలు, బండి, అమ్మ, రైలు. మూడు లఘువులైతే నగణం: గొడుగు, తలుపు, పలక. ఇంద్రగణాలు ఆరు, వాటిని సూత్రాలుగా కాక మాటలుగా గుర్తుపెట్టుకున్నాను: పరుగున (నలం), కలవరం (నగం), అనుకొంటి (సలం), పచ్చడి (భగణం), రైలులో (రగణం), రాదేమొ (తగణం). ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. అంటే మూడు పొట్టి అడుగులు, రెండు పెద్ద అంగలు, మళ్లీ ఐదు పొట్టి అడుగులు. ఆటవెలది అంటే నర్తకి అని మాస్టారు చెప్పినప్పుడు ఆ నడక కళ్లకు కట్టింది. ఈ కొలత నిన్న మొన్నటిది కాదు. అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 నాటిదంటారు. అందులోని తరువోజ పద్యం కూడా ఈ సూర్య, ఇంద్ర గణాలతో కట్టిందే.

నా మొదటి పద్యం ఒక శుక్రవారం రైలు తప్పిపోతే పుట్టింది. మొదటి పాదం ఇలా వచ్చింది:

రైలు లేటు నేడు రాదేమొ యనుకొంటి

వేళ్ల మీద లెక్కపెట్టండి: రైలు, లేటు, నేడు, రాదేమొ, యనుకొంటి. మూడు గలాలు, తగణం, సలం. సరిపోయింది. "అనుకొంటి" అనకుండా "యనుకొంటి" అన్నది గొప్ప కోసం కాదు. పద్యం మధ్యలో అచ్చు విడిగా నిలబడితే నడక ఆగుతుంది, సంధి చేయాలి, లేదా ఇలా యకారం తేవాలి.

రెండో పాదం "టీని తాగుచుంటి తీరుబడిగ" అని రాసి ఫోనులో పంపాను. గణాలు తప్పలేదు. మాస్టారు మాత్రం యతి తప్పిందన్నారు. మొదటి గణం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి, అదే యతి. టీ, తీ దగ్గరగానే ఉన్నాయి కదండీ అని వాదించాను. "నీ చెవికి దగ్గరేనమ్మా, వర్గం వేరు" అన్నారు. జట్లు ఇవి: క ఖ గ ఘ ఒకటి, చ ఛ జ ఝలతో శ ష స ఒకటి, ట వర్గం దానిది దానికే, త వర్గం దానిది దానికే, ప ఫ బ భలతో వ ఒకటి. హల్లొక్కటే కలిస్తే చాలదు, అచ్చు కూడా కలవాలి. అ ఆ ఐ ఔ ఒక జట్టు, ఇ ఈ ఎ ఏ ఒక జట్టు, ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. "రై"కి "రా" కుదిరింది అందుకే.

రెండు స్టేషన్లు దాటేదాకా "టీ"కి జోడీ వెతికాను. "టిఫిను" దొరికింది గాని ఆ రోజు నేను టిఫిను తినలేదు. చివరికి చివరనున్న మాటను ముందుకు జరిపితే పనైపోయింది:

తీరుబడిగ టీని తీసుకొంటి

తీకి తీ. పైగా టీ కన్నా తీరుబడి ముందుకొచ్చింది, నా తప్పు కూడా అదే కదా! అప్పటినుంచి యతి కుదరకపోతే కొత్త మాట కోసం నిఘంటువు తిరగేయను, ఉన్న మాటలనే అటూ ఇటూ జరుపుతాను.

అదీ కుదరకపోతే ప్రాసయతి ఉంది. "చూడ చూడ రుచుల జాడ వేరు" గుర్తుందా? చూ, జా అచ్చులు కలవవు. కానీ రెండో అక్షరం రెండుచోట్లా "డ", దాని ముందు రెండుచోట్లా గురువే. ఆటవెలదిలో అది చెల్లుతుంది.

నాలుగో పాదం ముందు "రైలు వెళ్లిపోయె రామచంద్ర" అని వచ్చింది. గణాలు సరి, యతి సరి, నాకు తెగ సంబరం. మాస్టారు నవ్వి, "యతి కోసం రాముణ్ణి పిలవకమ్మా, ఆయనకు వేరే పనులుంటాయి" అన్నారు. సుమ్ము, నిజము, మహిని, భువిని... ఇలా ఖాళీ పూడ్చే మాటలు ఎన్నో ఉన్నాయి. నన్నడిగితే యతి తప్పిన పద్యాన్నైనా క్షమిస్తాను గాని వీటితో నింపినదాన్ని క్షమించలేను. చివరికి పద్యం ఇలా నిలిచింది:

రైలు లేటు నేడు రాదేమొ యనుకొంటి
తీరుబడిగ టీని తీసుకొంటి
కూత వేసి కదిలె గూడ్సుబండది గాదు
నాదె, నన్ను విడిచి నడిచె రైలు

మూడో పాదంలో కూ, క, గూ, గా అని గొంతులోంచి వచ్చే శబ్దాలు. బరువైన పెట్టెలు కదిలేటప్పుడు వినిపించేది అలాంటి చప్పుడే. నాలుగోదాంట్లో నా, న, న అని ముక్కులోకి జారింది, ఏడుపు గొంతులా. నిజం చెప్పాలంటే రాసేటప్పుడు ఇదేమీ అనుకోలేదు, పైకి చదివినప్పుడు విన్నాను. విన్నాక "కదిలె" బదులు పెట్టాలనుకున్న "జరిగె"ను కొట్టేశాను. ఛందస్సు చూడని శబ్దాలివి, చెవే చూడాలి. అందుకే పద్యం పూర్తయ్యాక ఇంకొకరిచేత చదివించుకుని వినండి. మన పద్యం మనం చదివితే తడబడినచోట కూడా సర్దేసుకుంటాం.

ఆటవెలది ఓ పాతిక రాశాక తేటగీతికి వెళ్లండి. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ అంతే. ఉత్పలమాల, చంపకమాలల జోలికి ఇప్పుడే పోవద్దు.

నేను ప్రస్తుతం కందంతో కుస్తీ పడుతున్నాను. గణానికి నాలుగు మాత్రలు (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు), నాలుగు పాదాలకూ రెండో అక్షరం ఒకటే కావాలి. చింతకాయ పచ్చడి మీద రాద్దామని కూర్చుంటే "చింతకాయ" పాదం మొదట్లో కూర్చోదే! గురువు, లఘువు, మళ్లీ గురువు, నాలుగు మాత్రల దగ్గర తెగదు. ఆటవెలదిలో అయితే చింత, కాయ అని రెండు గలాలుగా హాయిగా ఒదిగేది. అందుకని "పచ్చడి"తో మొదలుపెట్టాను. వచ్చిన, మెచ్చిన కూడా దొరికాయి. నాలుగో పాదానికి "చ్చ" కోసం ఇంకా వెతుకుతున్నాను.